పైజమాలో ‘పై’ ఎక్కడిది?

*కాళ్లకు తొడుక్కునే బట్ట పేరులో ‘పై’ ఎందుకుంది? ఇక్కడ పండగలకూ దర్బారులకూ వెళ్లిన దుస్తు ఇంగ్లండ్ చేరాక మంచమెందుకెక్కింది? మన దండెం మీద రోజూ ఆరే ఒక బట్ట, ఇంగ్లిష్ నిఘంటువులోకి ఎక్కి, అర్థం మార్చుకుని, మళ్లీ మన కొట్లలోకే దిగిన కథ ఇది.*

కోఠీలోనో, విజయవాడ వన్‌టౌన్‌లోనో, విశాఖ పూర్ణామార్కెట్ దగ్గరో ఏదైనా బట్టల కొట్టుకెళ్లి పైజమా కావాలని అడిగి చూడండి. కౌంటరు వెనకున్న మనిషి చెయ్యి వెంటనే అర మీదకు పోదు. ‘లాల్చీ మీదకా సార్, నైట్‌కా?’ అంటాడు. లాల్చీ మీదకంటే తెల్లటిది, నాడా ఉన్నది, గంజి పెట్టి ఇస్త్రీ చేస్తే కాగితంలా నిలబడేది తీస్తాడు. నైట్‌కంటే గళ్లదో చారలదో, నడుముకు ఎలాస్టిక్, పక్కన జేబులు ఉన్నది తీస్తాడు. మొదటిది వేసుకుని పెళ్లికి వెళ్లొచ్చు. రెండోది వేసుకుని వీధి చివరికి పాలప్యాకెట్ కోసం వెళ్లినా ఇంట్లోవాళ్లు ఒకసారి ఎగాదిగా చూస్తారు.

పేరొకటే, మర్యాదలు రెండు. ఆ కొట్టువాడి ప్రశ్నలో రెండు వందల ఏళ్ల చరిత్ర ఉంది.

తెలుగువాళ్లకు ఈ మాటతో ఇంకో తిరకాసు కూడా ఉంది. పైపంచె, పైకండువా, పయ్యెద... ‘పై’తో మొదలయ్యే బట్ట ఏదైనా మనకు నడుముకు పైనే ఉంటుంది. పైజమా ఒక్కటే కిందుంటుంది. పేరు విని లాల్చీనే పైజమా అనుకున్న పిల్లలు ఎన్ని ఇళ్లలో ఉన్నారో! వాళ్ల తప్పేం లేదు. తెలుగు చెవికి అలాగే వినపడుతుంది. ఆశ్చర్యమేమిటంటే, ఆ పిల్లలు పడిన పొరపాటునే తర్వాత ఇంగ్లిష్‌వాళ్లు నిజం చేసి పెట్టారు. ఎలాగో తెలియాలంటే ముందు ఆ ‘పై’ సంగతి చూడాలి.

పదంలో పదం

ఈ ‘పై’ మనది కాదు, పారసీకానిది. ఆ భాషలో ‘పాయ్’ అంటే కాలు. ‘జామా’ అంటే బట్ట. రెండూ కలిపితే కాలి బట్ట. అంతకు మించి అందులో కవిత్వమేమీ లేదు. మొగలుల కాలంలో పారసీకం దర్బారు భాష. అక్కణ్నుంచి ఈ మాట హిందుస్తానీలోకి, మన భాషల్లోకి వచ్చింది. వాడుకలో పైజామా, పైజమా అయింది. దీని రెండో సగం, జామా, ఊరికో వేషం వేసింది. మొగలు దర్బారులో నడుం దాకా బిగించి, కింద కుచ్చెళ్లు పోసిన పొడుగు అంగీని జామా అన్నారు. బెంగాలీలో ఇప్పటికీ చొక్కాను జామా అనే అంటారు.

మొదటి సగం మాత్రం మన ఇళ్లలో చాలాచోట్ల నక్కి ఉంది. హాల్లో సోఫా ముందుండే టీపాయ్‌నే చూడండి. దాని మీద టీ కప్పులు పెడతాం కాబట్టి ఆ పేరొచ్చిందనుకుంటాం. నిజానికి అందులో టీ లేదు. హిందుస్తానీ ‘తిపాయి’ అంటే మూడు కాళ్లది. ఇంగ్లిష్‌వాళ్లు ఆ ‘తి’ని తమ టీగా విన్నారు, మనం వాళ్ల ఉచ్చారణనే తిరిగి తెచ్చుకుని నాలుగు కాళ్ల బల్లకు కూడా టీపాయ్ అనే అంటున్నాం. నులకమంచానికి ఉత్తరాదివాళ్లు చెప్పే పేరు చార్‌పాయ్, అంటే నాలుగు కాళ్లది. హైదరాబాద్ పాతబస్తీలో తెల్లవారుజామున పొగలు కక్కే పాయా కూడా ఈ కుటుంబమే. అందులో ఉడికేవి మేక కాళ్లే కదా!

ఈ చుట్టరికం ఇక్కడితో ఆగదు. పారసీకంలో పాయ్, సంస్కృతంలో పాదం, లాటిన్‌లో కాలికున్న ‘పెద్’, ఇంగ్లిష్‌లో ఫుట్... ఇవన్నీ ఒకే వేరు నుంచి పుట్టిన మాటలని భాషాశాస్త్రం చెబుతుంది. సైకిల్ పెడల్‌లో ఉన్నదీ అదే వేరు. కాబట్టి పైజమా ఇంగ్లిష్‌లోకి వెళ్లినప్పుడు పూర్తిగా పరాయి ఇంటికేమీ పోలేదు. దాని మొదటి సగానికి అక్కడ ఫుట్ అనే దూరపు చుట్టం ముందే ఉంది. ఒకరినొకరు గుర్తుపట్టలేదంతే. ఇంకో చమత్కారం మనకు మాత్రమే అందేది. సంస్కృతంలో ‘పదం’ అంటే అడుగనీ అర్థమే, మాటనీ అర్థమే. పైజమా అనే పదంలో దాగి ఉన్నది పదమే!

గుర్రం నేర్పిన కుట్టు

రెండు కాళ్లకు రెండు గొట్టాలు కుట్టి నడుం దగ్గర కలపడం మనిషికి ఊరికే తోచిన ఆలోచన కాదు. గుర్రమెక్కేవాడికి అది అవసరం. చుట్టుకునే గుడ్డతో జీను మీద గంటల తరబడి కూర్చుంటే తొడలు ఒరుసుకుపోతాయి. చైనా పశ్చిమాన తుర్ఫాన్ దగ్గరి యాంఘాయ్ శ్మశానంలో దొరికిన ఉన్ని ప్యాంట్లకు దాదాపు 3,000 ఏళ్ల వయసు. ఇప్పటిదాకా దొరికిన ప్యాంట్లలో అంతకంటే పాతవి లేవు. గుర్రాల మీద బతికిన మధ్య ఆసియా జాతులే ఈ కుట్టును నాలుగు దిక్కులా మోసుకెళ్లాయి.

తెలుగునేల కూడా దాన్ని తొందరగానే చూసింది. నాగార్జునకొండలో దొరికిన ఇక్ష్వాకుల కాలపు శిల్పాల్లో ఒక శక సైనికుడున్నాడు. చేతిలో బల్లెం, ఒంటి మీద బరువైన కోటు, కాళ్లకు కుట్టిన ప్యాంటు. చుట్టూ పలచని పంచెల్లో, నగల్లో ఉన్న మనుషుల మధ్య ఇతనొక్కడే చలిదేశం నుంచి దిగినట్టుంటాడు. 3వ శతాబ్దంలో కృష్ణాతీరపు శిల్పి కుట్టుబట్టల మనిషిని అంత శ్రద్ధగా చెక్కాడంటే, ఆ వేషం అతని కంటికి కొత్తగా కనిపించి ఉండాలి.

తర్వాతి కాలంలో తెలుగులోకి ‘ఇజారు’ వచ్చింది. పాత నిఘంటువుల్లో ఇజారంటే లాగు, పంట్లాం. కానీ అరబ్బీలో ఇజార్ అంటే నడుముకు చుట్టుకునే, కుట్టని గుడ్డ. హజ్ యాత్రలో మగవాళ్లు కింద కట్టుకునే తెల్లగుడ్డ పేరు ఇప్పటికీ అదే. అక్కడ పంచె లాంటిది ఇక్కడికొచ్చేసరికి లాగైంది. బట్టల పేర్లు బట్టల్ని నమ్మకంగా అంటిపెట్టుకుని ఉండవనడానికి పైజమా కంటే ముందు సాక్ష్యం ఇది.

పైజమాలోనూ రకాలున్నాయి. వదులుగా తిన్నగా దిగేది ఒకటి. మోకాలి కింద బిగిసి, కాలి కంటే పొడుగ్గా ఉండి, చీలమండ దగ్గర మడతలు పడేది ఇంకొకటి. ఆ మడతలు గాజులు దొంతరగా వేసుకున్నట్టుంటాయి. హిందీలో గాజు ‘చూడీ’, కాబట్టి అది చుడీదార్ పైజమా. అది కాలిని పట్టి ఉండాలంటే గుడ్డను ఏటవాలుగా కత్తిరించాలి. ఏటవాలు కోతలో నేత కాస్త సాగుతుంది, మోకాలు వంచినా చిరగదు. నిజాం రాజ్యంలో షేర్వాణీ కింద వేసుకున్నవి ఇలాంటివే. సర్కారు జిల్లాల్లో పంచె రాజ్యమేలుతున్న రోజుల్లో హైదరాబాద్ కచేరీల్లో పైజమా ఉద్యోగపు బట్ట. ఆ తర్వాత లాల్చీతో జతకట్టి అది కవికీ, కామ్రేడ్‌కీ, కాలేజీ మాస్టారికీ గుర్తైంది. ఎక్కడా, ఎప్పుడూ అది నిద్రకే పరిమితమైన బట్ట మాత్రం కాదు.

గోవా ఆస్పత్రి, లండన్ చెదలు

మరి పడకెక్కించిందెవరు? ఇంగ్లిష్‌వాళ్లని అందరికీ తెలుసు. కానీ వాళ్లకు ఆ అలవాటు పోర్చుగీసువాళ్ల నుంచి వచ్చి ఉంటుందని ఒక పాత పుస్తకం చెబుతుంది. ఆ పుస్తకం పేరు ‘హాబ్సన్ జాబ్సన్’. మన దేశపు మాటలు ఇంగ్లిష్‌లోకి ఎలా వెళ్లాయో చెప్పే ఆ నిఘంటువు 1886లో అచ్చయింది. కూర్చినవాళ్లు ఇద్దరు. ఒకరు హెన్రీ యూల్. రెండోవారు ఎ.సి. బర్నెల్, మద్రాసు ప్రెసిడెన్సీలో పనిచేసిన సివిల్ సర్వీసు అధికారి, సంస్కృత పండితుడు. పుస్తకం బయటికి రాకముందే 1882లో ఆయన చనిపోయాడు.

1610 ప్రాంతంలో గోవా ఆస్పత్రిలో ఉన్న పిరార్ అనే ఫ్రెంచి నావికుడు అక్కడి సంగతులు రాసిపెట్టాడు. ఇండియాలోని పోర్చుగీసువాళ్లు లాగుల్లాంటివి తొడుక్కోకుండా ఎప్పుడూ పడుకోరని అందులో ఉంది. యూల్, బర్నెల్ దాన్ని ఎత్తిచూపారు. ఐరోపాలో అప్పటికి పొడుగాటి చొక్కాతోనో, ఏమీ లేకుండానో నిద్రపోయేవారు. చలిదేశంలో మీద రెండు రగ్గులుంటే కింద ఏముందన్న బాధ లేదు. ఉక్కపోతకు దుప్పటి తన్నేసే మన దేశంలో అలా కుదరదు. తన్నేస్తే దోమలు, కప్పుకుంటే చెమట. కాళ్లు కప్పి, గాలి ఆడనిచ్చే వదులు నూలు పైజమా దానికి తగిన మందు.

తూర్పిండియా కంపెనీ ఉద్యోగులు ముసల్మానుల నుంచి పైజమాను తీసుకుని, ఇంటి దగ్గర విశ్రాంతిగా ఉన్నప్పుడూ, పడుకునేటప్పుడూ వేసుకున్నారని హాబ్సన్ జాబ్సన్ చెబుతుంది. ఆఫీసుకు బిగుతు కోటు, ప్యాంటు తప్పవు. గుమ్మంలోకి రాగానే పైజమా. దేశస్థుడికి పగటి దుస్తుగా ఉన్నది దొరకు తీరికదుస్తయింది. వాళ్ల కళ్లకు అది నలుగురిలోకి వేసుకెళ్లే బట్ట కాదు, బిగువు విప్పేసుకునే బట్ట. అర్థం మారింది ఇక్కడే. సుమారు 1800 నాటికి ఈ మాట ఇంగ్లిష్ రాతల్లో కనిపిస్తుంది. అప్పటికింకా దానికి ఒక అక్షరక్రమమంటూ లేదు, రాసేవాడి చెవికి ఎలా వినపడితే అలా రాశాడు.

అదే నిఘంటువులో ఒక సరదా ముచ్చట ఉంది. లండన్‌లో జర్మిన్ స్ట్రీట్ దర్జీల వీధి. 1840ల ప్రాంతంలో అక్కడి కొన్ని పైజమాలకు చివర మేజోళ్లలాగా పాదాలు కూడా కుట్టి అమ్మేవారట. ఇదెందుకని ఒకాయన అడిగితే, చెదపురుగుల బాధ పడలేకే అయి ఉంటుందని దర్జీ జవాబిచ్చాడు. ఇండియాలో చెదలు కర్రనూ కాగితాన్నీ తింటాయని విన్నాడు గానీ, మనిషి వేళ్లు కొరకవని ఆ దర్జీకి ఎవరూ చెప్పినట్టు లేరు! వలసదేశం నుంచి ఇంటికి చేరిన వస్తువుల వెంట ఇలాంటి కట్టుకథలు కూడా ఓడెక్కేవి.

ఒక్కటి రెండైంది, కిందిది పైకెక్కింది

19వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో ఇంగ్లండ్ మగవాళ్లు రాత్రి చొక్కాను వదిలి పైజమాకు మారారు. అక్కడే రెండు మార్పులు జరిగాయి.

మొదటిది వ్యాకరణంలో. మనకు పైజమా ఏకవచనం. ఒక పైజమా, రెండు పైజమాలు. ఇంగ్లిష్‌లో కాళ్లకు వేసుకునేవన్నీ బహువచనమే. ట్రౌజర్స్, షార్ట్స్, జీన్స్. రెండు గొట్టాలున్నాయి కాబట్టి రెండు వస్తువుల కింద లెక్క. ఆ వరసలోనే దీనికీ చివర ఒక ‘స్’ తగిలించి పైజమాస్ చేశారు. ఒక్కటే ఉన్నా ‘ఒక జత’ అనాలి. ఇంకో మాటకు ముందు వచ్చి దానికి విశేషణమైతే మాత్రం ఆ ‘స్’ రాలిపోతుంది. అందుకే పైజమా పార్టీ అంటారు గానీ పైజమాస్ పార్టీ అనరు. ఫ్రెంచివాళ్లు, జర్మన్లు ఈ గొడవ పెట్టుకోకుండా ఏకవచనంగానే ఉంచారు.

రెండో మార్పు పెద్దది. పడుకునే లాగుకు జతగా అదే గుడ్డతో ఒక వదులు కోటు కుట్టారు. కాలరు, ముందు గుండీలు, గుండె మీద జేబు. ఆ పైభాగాన్నీ, కింది లాగునూ కలిపి మొత్తానికి పైజమాస్ అన్నారు. ‘కాలి బట్ట’ అని అర్థమున్న మాట భుజాలు కూడా కప్పింది. ఇంగ్లిష్‌లో పైజమా టాప్ అని నిక్షేపంగా అంటారు. మాటకు మాట తెలుగు చేస్తే ‘కాలి బట్ట తాలూకు పైబట్ట’. ‘పై’ అంటే పైనుండేదనుకున్న మన పిల్లల పొరపాటు ఇంగ్లిష్‌వాడి బీరువాలో నిజమైంది.

నవ్వుకునే ముందు మన సంగతి కూడా చూసుకోవాలి. చుడీదార్ అంటే కాలికి బిగుతుగా ఉండే పైజమా అని చెప్పుకున్నాం. తెలుగు ఇళ్లలో ‘అమ్మాయికి చుడీదార్ కొన్నాం’ అంటే? పైన టాపు, కింద ప్యాంటు, చున్నీ, మూడూ. ఒకప్పుడు మన అమ్మలు దాన్నే పంజాబీ డ్రెస్ అన్నారు. తర్వాత కింది ముక్క పేరు మొత్తానికి పెట్టేశాం. ఇప్పుడు కింద లెగ్గింగ్ ఉన్నా, గాజుల మడత ఒక్కటి లేకపోయినా అది చుడీదారే. ఇంగ్లిష్‌వాళ్లు పైజమాకు చేసింది మనం చుడీదార్‌కు చేశాం. వాడుక ముందు వ్యుత్పత్తి ఎప్పుడూ ఓడిపోతుంది.

చీటిగుడ్డ, బనియను: ఇంకో రెండు ముచ్చట్లు

*లెక్క తప్పిన చీటి:* పువ్వులు అద్దిన నూలుగుడ్డకు మన పాత మాట చీటి. హిందుస్తానీలో ఛీంట్. మచిలీపట్నం రేవు నుంచీ, కోరమండల్ తీరంలోని ఇతర రేవుల నుంచీ ఈ రంగుల అద్దకాలు 17వ శతాబ్దంలో ఓడలకెత్తి ఐరోపాకు వెళ్లాయి. ఇంగ్లిష్‌వాళ్లు ఒకదాన్ని చింట్ అని, చాలావాటిని చింట్స్ అని అన్నారు. పోనుపోను ఆ బహువచనమే ఏకవచనమై ‘చింట్జ్’ అని స్థిరపడింది. పైజమా ఏకవచనంగా వెళ్లి బహువచనమైంది, చీటి బహువచనంగా మారి ఏకవచనంలో మిగిలింది. ఆ గుడ్డ అందానికి అక్కడి నేతగాళ్లు బెంబేలెత్తారు. ఫ్రాన్స్ 1686లో నిషేధించింది. ఇంగ్లండ్ 1721లో అద్దకపు నూలుబట్టలు ధరించడాన్నే చట్టంతో అడ్డుకుంది.

*కోటు నుంచి లోచొక్కాకు:* పైజమా కంటే ముందు ఇంగ్లిష్ పెద్దమనుషులు ఇంట్లో తీరిగ్గా వేసుకున్నది బనియన్. అది చేతులున్న పొడుగాటి వదులు కోటు, తరచూ మన చింట్జ్‌తోనే కుట్టినది. దినచర్యతో పేరుపడ్డ శామ్యూల్ పెపీస్ 1666లో తన బొమ్మ గీయించుకోవడానికి అలాంటి ఇండియన్ గౌనునే అద్దెకు తెచ్చుకున్నాడు. ఆ పేరుకు మూలం సంస్కృతం వణిజ. గుజరాతీ వర్తకుల పేరు పోర్చుగీసువాళ్ల నోట్లో బనియన్ అయి, ఇంగ్లిష్‌లో ఒక కోటుకూ, ఒక మర్రిచెట్టుకూ పేరైంది. తిరిగి మన దగ్గరికి వచ్చేసరికి చేతులూడిపోయి, చొక్కా కిందకు దూరింది. పైజమా పైకెక్కితే, బనియను లోపలికి వెళ్లింది.

పడకగది తలుపు తీసిన ఆడవాళ్లు

మగవాళ్లు పైజమాను పడకగదిలో పెట్టి తలుపేస్తే, ఆ తలుపు తీసింది ఆడవాళ్లు. 1911లో పారిస్ ఫ్యాషన్ రూపకర్త పాల్ పువారే స్త్రీల కోసం పట్టు పైజమాలు తయారుచేశాడు. ఆడది ప్యాంటు వేసుకోవడమే తప్పని ఐరోపా అనుకునే రోజులవి. ప్యాంటని పేరు పెడితే గొడవ, పైజమా అంటే తూర్పుదేశపు విలాసం. పేరు మారితే తప్పు ఒప్పవుతుందని ఫ్యాషన్ వ్యాపారానికి ముందే తెలుసు. 1920లు, 30లలో ఫ్రాన్స్ దక్షిణ తీరంలో కోకో షనెల్ వంటివాళ్లు వెడల్పు కాళ్ల పైజమాలు వేసుకుని ఇసుకలో నడిచారు. వాటికి బీచ్ పైజమాలని పేరు. నలుగురూ చూసేచోట ఆడవాళ్లు ప్యాంటుతో తిరగడానికి దారి తీసినవాటిలో ఇవీ ఉన్నాయి.

1960లో ఈ కథ మన అమ్మాయిల దాకా వచ్చే మలుపు తిరిగింది. రోమ్‌లో స్థిరపడిన రష్యన్ రాచకుటుంబీకురాలు ఐరీన్ గాలిట్జిన్, సాయంత్రపు విందులకు వేసుకునేలా, నేల జీరాడే వెడల్పు కాళ్ల పట్టు పైజమాలను ఫ్లారెన్స్‌లోని పిట్టీ ప్యాలెస్‌లో చూపించింది. అమెరికా ఫ్యాషన్ సంపాదకురాలు డయానా వ్రీలాండ్ వాటికి ‘పలాజో పైజమా’ అని పేరు పెట్టింది. ఇటాలియన్‌లో పలాజో అంటే రాజభవనం. కాలక్రమంలో ఆ పేరులోంచి పైజమా జారిపోయి, పలాజో ఒక్కటే మిగిలింది.

ఇప్పుడు అమీర్‌పేట ఫుట్‌పాత్ మీదా, బీసెంట్ రోడ్డులోనూ కుర్తీ కిందకని బేరమాడి కొంటున్న పలాజో అదే. ఇరాన్ మాట, హిందుస్తాన్ కుట్టు, లండన్ పడక, పారిస్ ధైర్యం, ఇటలీ పేరు. ఇన్ని మజిలీలు చేసి వచ్చిన పైజమాను ‘ఇది వెస్ట్రన్ మోడలమ్మా’ అని అమ్మేవాళ్లూ ఉన్నారు, మురిసిపోయి కొనేవాళ్లూ ఉన్నారు.

పిల్లి పైజమా, క్రికెట్ పైజమా

ఇంగ్లిష్‌లో ఈ మాట బట్ట దగ్గరే ఆగిపోలేదు. బ్రిటన్‌వాళ్లు ‘పై’ అని రాస్తే అమెరికావాళ్లు ‘ప’ దగ్గరే సరిపెట్టి పజామాస్ చేశారు. ముద్దుగా పీజేలు, పిల్లల నోట జామీలు. 1920ల అమెరికాలో ఎవరైనా, ఏదైనా భలేగా ఉందనడానికి ‘పిల్లి పైజమాలా ఉంది’ అనేవారు. పిల్లికి పైజమా ఏమిటని అడగకూడదు. అర్థం లేకపోవడమే ఆనాటి కుర్రకారుకు ఆ మాటలోని కిక్కు. అయోవాలో దుస్తుల ఫ్యాక్టరీ నడిపే కుటుంబం నుంచి వచ్చిన రిచర్డ్ బిసెల్, గంటకు ఏడున్నర సెంట్లు కూలి పెంచమని అడిగే పైజమా ఫ్యాక్టరీ కార్మికుల మీద 1953లో నవల రాశాడు. మరుసటి ఏడాది అది ‘ది పజామా గేమ్’ పేరుతో బ్రాడ్‌వే సంగీత నాటకమైంది, 1957లో సినిమా అయింది. అందరినీ నిద్రపుచ్చే బట్ట కుట్టేవాళ్ల నిద్రలేమి కథ అది.

జాన్ బోయిన్ 2006లో రాసిన నవల పేరులోనూ చారల పైజమా ఉంది. నాజీ నిర్బంధ శిబిరంలో ఖైదీల చారల యూనిఫారాన్ని చూసి, ఏమీ తెలియని పిల్లవాడు పైజమా అనుకుంటాడు. ఇంట్లో భద్రంగా నిద్రపోయే బట్ట అన్న అర్థం ఇంగ్లిష్‌లో ఎంత గట్టిగా పాతుకుపోయిందో ఆ ఒక్క పొరపాటు చాలు చెప్పడానికి. మన పిల్లవాడికి పైజమా అంటే మొదట తాతయ్య గుర్తొస్తాడు. ఆ నవల పేరు తెలుగులో అంత గుచ్చుకోదు.

క్రికెట్ అభిమానులకు ఇంకో వాడుక తెలుసు. ఆస్ట్రేలియా టీవీ యజమాని కెర్రీ ప్యాకర్ 1977లో సొంత పోటీలు మొదలుపెట్టాడు. 1979 జనవరిలో సిడ్నీలో ఫ్లడ్‌లైట్ల కింద ఆటగాళ్లను రంగుల బట్టల్లో దింపాడు. తెల్లబట్టల సంప్రదాయం తెలిసినవాళ్లు ముక్కు చిట్లించి దాన్ని ‘పైజమా క్రికెట్’ అన్నారు. ఆ వెక్కిరింత ఎక్కువ కాలం నిలవలేదు. 1992లో ప్రపంచకప్పే తొలిసారి రంగు దుస్తుల్లో జరిగింది. ఆ పైజమాల్లో భారత జట్టును నడిపించింది మన హైదరాబాదీ అజారుద్దీన్. షేర్వాణీ పైజమాల నగరం నుంచి వెళ్లిన కెప్టెన్‌కు అందులో వెటకారమేం కనిపిస్తుంది!

గుమ్మం దాటితే తప్పా?

ఒక బట్టకు ‘రాత్రిది’ అని ముద్ర పడ్డాక, పగలు వేసుకుంటే తగువే. 2010లో వేల్స్ రాజధాని కార్డిఫ్‌లో ఒక సూపర్‌మార్కెట్ పైజమాలతో వచ్చేవాళ్లను లోపలికి రానివ్వబోమని బోర్డు పెట్టింది. అదే ఏడాది జరగబోయే ప్రపంచ ప్రదర్శన కోసం ముస్తాబవుతున్న షాంఘై నగరం, వీధుల్లో పైజమాలతో తిరగొద్దని తన జనానికి నచ్చజెప్పింది. ఇరుకు ఇళ్లలో ఉంటూ వీధినే వరండాగా వాడుకునే అక్కడి పాతకాపులకు అది వింతగా తోచింది. 2020 జనవరిలో చైనాలోనే ఆన్‌హ్వెయ్ రాష్ట్రపు సుజౌ నగర అధికారులు పైజమాలతో బజారుకొచ్చినవాళ్ల ఫొటోలు, పేర్లు బయటపెట్టారు. జనం తిట్టిపోశాక క్షమాపణ చెప్పారు.

నవ్వొస్తే కాస్త ఆగండి. 2018లో పశ్చిమ గోదావరి జిల్లా తోకలపల్లిలో పెద్దలు కూర్చుని, ఉదయం 7 నుంచి రాత్రి 7 దాకా ఆడవాళ్లు నైటీలు వేసుకోకూడదని తీర్మానించారు. తప్పితే 2,000 రూపాయల జరిమానా, పట్టించినవాళ్లకు 1,000 రూపాయల బహుమానం. సంగతి పత్రికలకెక్కాక అధికారులు ఊరికి వెళ్లాల్సివచ్చింది. పైజమా ప్రయాణాన్ని తిరగేస్తే వచ్చేదే మన నైటీ కథ. అక్కడ పగటి బట్ట రాత్రిదైంది, ఇక్కడ పేరులోనే రాత్రి ఉన్న బట్ట పగటిదైంది. చీరకు తీరిక లేనప్పుడు, వంటగదిలో ఉక్కపోత తట్టుకోలేనప్పుడు, మెడ నుంచి పాదం దాకా కప్పుతూ గాలాడే బట్ట నైటీయే. మీద ఒక తువ్వాలు వేసుకుంటే ఇల్లాలి దృష్టిలో మర్యాదకు లోటు లేదు. నాలుగు వందల ఏళ్ల కిందట గోవాలో పోర్చుగీసువాళ్లు పైజమా లాంటిది తొడుక్కోవడానికి కారణం కూడా ఈ ఉక్కపోతే. సౌకర్యం వెతుక్కున్నది దొర అయితే ఫ్యాషన్, ఊళ్లో ఇల్లాలైతే జరిమానా!

2020లో కరోనా వచ్చి అందరి గుట్టూ రట్టు చేసింది. హైటెక్ సిటీ ఉద్యోగాలు పడకగదుల్లోకి వచ్చాయి. ల్యాప్‌టాప్ కెమెరాకు కనిపించేంతవరకు ఇస్త్రీ చొక్కా, కనిపించని చోట గళ్ల పైజమా. జీతమిచ్చే పని పైజమాలోనూ చక్కగా సాగుతుందని ఆ రెండేళ్లూ తేల్చేశాయి.

పుట్టింటికి పరాయిగా

చివరి మజిలీ ఇరాన్. ఈ మాట పుట్టిన భాష అది. ఇప్పటి ఇరానీలు పడుకునే బట్టను ‘పిఝామే’ అంటారు. ఆ మధ్యలో వినిపించే ‘ఝ’ లాంటి ధ్వని ఫ్రెంచివాళ్ల నోటిది. పాయ్, జామా రెండూ పారసీకంలో నిక్షేపంగా బతికే ఉన్నాయి. కానీ రెండూ కలిసిన మాట మాత్రం హిందుస్తాన్ చూసి, లండన్ తిరిగి, పారిస్ యాస పట్టించుకుని పుట్టింటికి చేరింది. ఇంటివాళ్లు దాన్ని పరదేశపు మాటగానే లోపలికి రానిచ్చారు.

మన దగ్గర అంత దూరం పోలేదు. మనం పాతదాన్నీ వదలలేదు, కొత్తదాన్నీ కాదనలేదు. లాల్చీ కిందిదీ పైజమాయే, దిండు పక్కదీ పైజమాయే. అందుకే కొట్టువాడు ఆ ప్రశ్న అడగాల్సివస్తోంది. అయితే పిల్లల బొమ్మల పుస్తకాల్లో చారల కోటూ లాగూ వేసుకుని ఆవులించే బాబు బొమ్మ చూపించి, పైజమా అంటే నైట్‌డ్రెస్ అని నేర్పేస్తున్నాం. అది ఇంగ్లిష్‌వాళ్లు మన దేశంలో ఉక్కపోతకు తట్టుకోలేక కనిపెట్టుకున్న అర్థం. తప్పు కాదు గానీ సగమే. మిగతా సగం తాతయ్య దండెం మీద తెల్లగా ఆరుతోంది. పిల్లలకు అదీ చూపించండి.